పొంతియానక్ కూడా ఒక తల్లే
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగపూట దయ్యాల ప్రసక్తి ఏమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. కాని ఈ మలేషియాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు కొరివిదయ్యం తెలియదు. పొంతియానక్ పేరు చెబితే మాత్రం చీకట్లో అడుగు పెట్టరు. అరటితోపులో ఉంటుందనీ, దేవగన్నేరు పూల వాసన వచ్చిందంటే దగ్గరలోనే ఉన్నట్లనీ వారే మనకు చెబుతారు. 1957లో బి.ఎన్. రావుగారి దర్శకత్వంలో సింగపూరులో తయారైన 'పొంతియానక్' చిత్రం మొదలు నేటివరకు ఆమె తెర దిగనే లేదు.

సినిమాలో ఆమె రక్తం త్రాగే పిశాచి. మలయ్ పల్లెల కథల్లో ఆమె పురిటిలో ప్రాణం విడిచిన ఆడది. స్కీట్ అనే ఆంగ్లేయుడు 1900లో ప్రచురించిన 'మలయ్ మ్యాజిక్' గ్రంథంలో అలా పోయిన తల్లిని లాంగ్‌సుయిర్ అనీ, చనిపోయి పుట్టిన బిడ్డను పొంతియానక్ అనీ వ్రాశారు. తరువాత జనం నోట రెండూ కలిసిపోయాయి. శవం దయ్యం కాకుండా నోట్లో గాజుపూసలు, చంకల్లో గుడ్లు, అరచేతుల్లో సూదులు పెట్టేవారట. కేక వేయకూడదు, చేతులు రెక్కలుగా ఆడించకూడదు, అందుకు.

అంతకంటె నన్ను కదిలించినది మరొకటి ఉంది. ఆమెను పట్టుకొని, గోళ్ళు, పొడవాటి జుట్టు కత్తిరించి, మెడ వెనుకనున్న రంధ్రంలో కుక్కితే మామూలు స్త్రీలా మారి, ఏళ్ళ తరబడి కాపురం చేసి బిడ్డలను కనేదట! ఊరి వేడుకలో నాట్యమాడనిచ్చిన రోజున మాత్రం మళ్ళీ పిశాచమై అడవిలోకి ఎగిరిపోయేదట. ఆ కథ అల్లినవారికి ఆమెను తరిమివేయాలని కాదు, ఇంటికి తెచ్చుకోవాలని ఉన్నట్లుంది.

మన నాయనమ్మలకూ ఈ భయం ఉండేది. బాలింత తలాపున ఇనుపముక్క, గుమ్మానికి వేపమండ, సందెవేళ గడప దాటవద్దన్న కట్టడి — ఇవన్నీ ఓడలో వారి వెంట వచ్చినవే. రబ్బరు తోటల, కొబ్బరి తోటల లైను ఇళ్ళలో పురుడంటే ఏమిటో వారినే అడగాలి. రక్తస్రావానికి, పురిటి జ్వరానికి మందు అందని చోట దయ్యమన్న మాటే మిగిలింది. పోయినదీ ఆమే, నింద మోసినదీ ఆమే.

భాగవతంలో పూతన కథ చెప్పేటప్పుడు మనం చాలావరకు రాక్షసి చావుతోనే ఆపేస్తాం. విషం పూసుకొని వచ్చినా పాలిచ్చింది గనుక, కృష్ణుడు ఆమెకు తల్లికిచ్చే సద్గతినే ఇచ్చాడన్న ముక్క వదిలేస్తాం. అసలు కథ అక్కడే ఉందని నా అభిప్రాయం.

శిక్షణ పొందిన మంత్రసానులు, పల్లె క్లినిక్కులు వచ్చిన తరువాత ఈ దేశంలో పురిటి చావులు ఎంతో తగ్గాయి. కాని ప్రతి పాత కుటుంబంలోను అలా పోయిన తల్లి ఒకామె ఉండే ఉంటుంది. చాలా ఇళ్ళలో ఆమె పేరు పలకరు. పిల్లలూ, మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సభలోనే ఉన్నారు. భోజనాల వేళ ప్రక్కన కూర్చుని ఆ పేరు అడగండి. ఒక కాగితం మీద తెలుగులో వ్రాసిపెట్టండి.