ప్రతిరక్షకముల పుట్టుక

వానకాలమున గోదావరి పొంగి, వాగులు పొరలి, మురుగు త్రాగునీటిలో కలిసినచో, మణుగూరు మొదలుగా గల అటవీప్రాంతపు ఊళ్లలో తల్లులకు దిగులు పుట్టించునది టైఫాయిడు జ్వరము. ఈ జ్వరమునకు చిరకాలముగా ఒక చక్కెర టీకా కలదు. కాని అది రెండేండ్లలోపు శిశువులకు అక్కరకు రాలేదు. ఇందుకు కారణము మన దేహకణముల పొత్తులోనే యున్నది. దానినే మేమిచట వివరింపదలచితిమి.

రోగక్రిములను పట్టి అణచునట్టి ప్రతిరక్షకములను తయారుచేయునవి ఎముకల మూలుగలో పుట్టు బి కణములు. ఒక్కొక్క కణము ఒక్కొక్క ఆకృతినే గుర్తింపగలదు. అయితే గుర్తించినంత మాత్రమున దాని పని పూర్తికాదు. అది క్రిమి భాగమును మ్రింగి, అందలి మాంసకృత్తును తునకలుచేసి, ఒక తునకను తన పైపొరపై నిలిపి టి కణమునకు చూపును. రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో పరిణతి చెందిన టి కణము ఆ తునకను పోల్చుకొనినచో సమ్మతి తెలుపును. అంతట బి కణము వృద్ధిపొందును. దాని సంతతిలో కొన్ని సెకనుకు వేలకొలది ప్రతిరక్షకములను వెలువరించును. కొన్ని జ్ఞాపకకణములై ఏండ్లతరబడి కాపుండును. మూలుగ కణములు ప్రతిరక్షకములను చేయుననియు, థైమస్ కణములు వానికి తోడ్పడుననియు 1968లో ఆస్ట్రేలియాలో జాక్ మిల్లర్, గ్రాహం మిచెల్ ఎలుకలపై నిరూపించిరి.

ఇక టైఫాయిడు క్రిమి సంగతి. దాని పైతొడుగు ఒకవిధమైన చక్కెర. టి కణము మాంసకృత్తు తునకనే గాని ఇట్టి చక్కెరను పోల్చుకొనజాలదు. పెద్దవారి బి కణములు తోడు లేకయే కొంత పనిచేయును. పసివారి కణములకు ఆ శక్తి చాలదు. జ్ఞాపకమును నిలువదు.

ఉపాయమేమనగా, ఆ చక్కెరకు నిర్వీర్యముచేసిన ధనుర్వాతపు విషమును, అనగా ఒక మాంసకృత్తును, అతికించుట. బి కణము చక్కెరను గుర్తించి రెంటిని కలిపి మ్రింగును. మాంసకృత్తు తునకను చూపి టి కణము తోడు సంపాదించును. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ఈ పద్ధతిని తయారుచేసిన టీకాకు 2013లో మన దేశమున అనుమతియు, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదమును లభించెను. ఆరు నెలలు నిండిన శిశువునకు ఒక్క మోతాదుగా దీనిని ఈయవచ్చును.

అయినను టీకా వేయించితిమని నీటిని మరువరాదు. ఒక చేతితో చప్పట్లు మ్రోగవు గదా! కాచి చల్లార్చిన నీరు, చేతుల శుభ్రత ఆ రెండవ చేయి.