పంట కాలాలు, బ్యాంకు లెక్కలు



వెలుగోడు జలాశయం దగ్గర ఊళ్లలో పంట పోయి రైతు బాకీ కట్టలేకపోయాడనుకోండి. బ్యాంకు దాన్ని మొండి బాకీగా ఎప్పుడు రాస్తుంది? నంద్యాల బజారులో దుకాణదారుడి అప్పయితే గడువు దాటిన 90 రోజులకు. స్వల్పకాలిక పంట రుణమైతే రెండు పంట కాలాలు ఆగుతుంది. రిజర్వు బ్యాంకు పెట్టిన ఈ తేడా న్యాయమైనదే. రైతు చేతికి డబ్బు నెలనెలా రాదు, పంటతోనే వస్తుంది.

మొండి బాకీని దాచకూడదన్న కట్టుబాటుకు మన దేశంలో పునాది 1991 నాటి నరసింహం కమిటీ వేసింది. అయినా 2004లో హైదరాబాదు ఏం చూసింది? ఆ నగరంలో 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు, 2002 మార్చి నాటి ఆడిట్ లెక్కల్లో 40 కోట్ల లాభం, 400 కోట్ల నికర విలువ చూపింది. రిజర్వు బ్యాంకు తనిఖీ చేస్తే ఆ నికర విలువ సున్నా కంటే దిగువన తేలింది. ఒకే బ్యాంకు, ఒకే తేదీ, రెండు లెక్కలు! 2004 జులై 24న మారటోరియం పడింది. డిపాజిటర్లు 10,000 రూపాయలకు మించి తీసుకోలేకపోయారు. ఆగస్టులో ఆ బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ప్రపంచం ఇంకో అడుగు వేసింది. నష్టం జరిగాక కాదు, రాబోయే నష్టాన్ని ముందే అంచనా కట్టి దానికి తగిన సొమ్ము పక్కన పెట్టాలన్నది, అంటే కేటాయింపు చేయాలన్నది, 2018లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ లెక్కల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 సారం. బ్రెజిల్ బ్యాంకులు 2025 నుంచి ఈ దారి పట్టాయి. మన బ్యాంకులు 2018 ఏప్రిల్‌లోనే ఇలాంటి కొత్త ప్రమాణాలకు మారాల్సింది. ఆ మార్పు మొదట ఏడాది పాటు, తర్వాత 2019లో నిరవధికంగా వాయిదా పడింది. అంచనా నష్టాల పద్ధతిని 2027 ఏప్రిల్ 1 నుంచి తెస్తామని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ముసాయిదా ఇచ్చింది. అందులో గ్రామీణ బ్యాంకులు లేవు. అంటే ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతుల అప్పులకు, బ్యాంకును బట్టి రెండు రకాల కేటాయింపులు.

ప్రమాణాలు ఒకటి కావాలి, ఆలస్యం తగదు. కానీ నగర అప్పుల అనుభవంతో కట్టిన అంచనా ఆళ్లగడ్డ చేలకు సరిపోదు. బ్యాంకుల్లో, ఆడిట్ కార్యాలయాల్లో చేరబోయే పట్టభద్రులైన మీరు పంట రుణాల వసూళ్లను మండలాల వారీగా, ఏడాది వెంట ఏడాది నిజాయితీగా నమోదు చేయండి. ఆ వివరాలతోనే మన రైతుకు తగిన అంచనా తయారవుతుంది.