పిల్లల ఎదుట రాయండి

ఇవాళ బీఈడీ, ఎంఈడీ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు.

మీలో కొందరికి ఇప్పటికే ప్రైవేటు బడుల్లో ఉద్యోగాలు దొరికి ఉంటాయి. చాలామంది డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ సాయంత్రాలు ట్యూషన్లు చెబుతూ ఉంటారు. ఎక్కడ ఉన్నా మీ ముందు పిల్లలు కూర్చుంటారు. వాళ్ళకు రాయడం ఎలా నేర్పాలన్న ఒక్క విషయం గురించే నేను మాట్లాడతాను. ఇది తెలుగు మెథడాలజీ చదివినవాళ్ళకు మాత్రమే చెప్పే మాట కాదు. ప్రయోగం చేసి నివేదిక రాయమనే సైన్సు టీచరుకూ, కారణాలు వివరించమనే సోషల్ టీచరుకూ ఇది అంతే అవసరం.

మన బడుల్లో రచన ఎలా సాగుతోందో మీకు తెలుసు. టీచింగ్ ప్రాక్టీసులో కళ్ళారా చూసే ఉంటారు. పాఠం చివర సృజనాత్మకత కింద ఒక ప్రశ్న ఉంటుంది. లేఖ రాయండి, కరపత్రం తయారు చేయండి, వ్యాసం రాయండి అని. ఉపాధ్యాయుడు అంశాన్ని బోర్డు మీద వేసి, రేపటికి రాసుకు రమ్మంటాడు. పిల్లవాడు ఇంటికి వెళ్ళి గైడు తీస్తాడు. నలభై నోటు పుస్తకాల్లో ఒకటే వ్యాసం వస్తుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది సంతకం పెడతాడు. ఈ మొత్తంలో ఒక మనిషి కూర్చుని ఆలోచించి, ఒక వాక్యం రాసి, నచ్చక కొట్టేసి, ఇంకోటి రాయడం ఆ పిల్లవాడు ఎక్కడా చూడలేదు. పాఠ్యపుస్తకంలో పూర్తయిన రచన చూశాడు. తన పుస్తకంలో ఎర్ర గీతలు చూశాడు. ఆ రెంటికీ నడుమ ఏం జరుగుతుందో పదేళ్ళు బడికి వచ్చినా అతనికి కనబడలేదు.

మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకు నేత ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. పోగు తెగితే అమ్మ ఎలా ముడేస్తుందో, ఆసు ఎలా పోస్తుందో పక్కన కూర్చుని చూస్తుంది. రాయడానికి ఆ సౌకర్యం లేదు. చెయ్యి కదలడం కనబడుతుంది గానీ అసలు పని తల లోపల జరుగుతుంది. అలన్ కాలిన్స్, జాన్ సీలీ బ్రౌన్, సూసన్ న్యూమన్ అనే అమెరికా పరిశోధకులు 1989లో ఈ తేడా మీదే ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. చేతి పనిలో గురువు చేసేది శిష్యుడికి దానంతటదే కనబడుతుంది, చదవడం, రాయడం, లెక్క చేయడంలో మాత్రం గురువు తన ఆలోచనను పనిగట్టుకుని బయటపెట్టాలి అన్నది వాళ్ళ వాదన.

అంతకు ముందే, 1971లో అచ్చయిన అధ్యయనం కోసం, జానెట్ ఎమిగ్ అనే అమెరికా పరిశోధకురాలు షికాగో ప్రాంతంలోని ఎనిమిది మంది హైస్కూలు విద్యార్థుల్ని ఒక్కొక్కరినీ ఎదుట కూర్చోబెట్టుకుని, రాస్తూ మనసులో మెదిలేదంతా పైకి చెప్పమంది. టేపు రికార్డరు పెట్టి ఆ మాటలన్నీ పట్టుకుంది. బడి కోసం రాసేటప్పుడు వాళ్ళు వెనక్కి తిరిగి చూసుకోవడమే తక్కువ. తమ కోసం రాసుకునేటప్పుడు ఆగుతారు, తడబడతారు, మార్చుకుంటారు. ఎమిగ్ ఇంకో మాట కూడా అంది: రచన నేర్పే ఉపాధ్యాయులు స్వయంగా రాయరు, అందుకే ఆ పని ఎంత వంకర దారుల్లో నడుస్తుందో వాళ్ళకు తెలియదు. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మన బడులకు సూటిగా తగులుతుంది. 1981లో లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే పరిశోధకులు ఇదే పద్ధతిలో పరిశీలించి, ముందు ప్రణాళిక, తర్వాత రచన, చివర దిద్దుబాటు అనే వరస రాసేవాడి బుర్రలో ఉండదని చూపించారు. మూడూ ఏ క్షణాన్నైనా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. మన లెసన్ ప్లాన్లలో మాత్రం ఇప్పటికీ అవి మూడు వరస మెట్లుగానే ఉన్నాయి.

మన దగ్గర తిరగరాతకు గురజాడను మించిన సాక్ష్యం అక్కర్లేదు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. జనం మెచ్చిన నాటకం అది. అయినా ఆయన దాన్ని మళ్ళీ పట్టుకుని, విప్పి, పెంచి, దాదాపు కొత్త నాటకంగా 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం ఇవాళ తలుచుకునే మధురవాణి పాత్ర అంత ఎత్తుకు ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. మొదటి కూర్పును తర్వాతి కాలంలో పరిశోధకుడు బంగోరె వెలికితీసి ముద్రించారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. రచన అంటే తిరగరాయడం అని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద పాఠం తెలుగులో లేదు. మనం మాత్రం గురజాడ పుట్టిన తేదీ, నాటకం అచ్చయిన సంవత్సరం బిట్ పేపర్లో అడిగి ఊరుకుంటున్నాం.

ఇక డిజిటల్ పరికరాల మాట. ఆ రెండు కూర్పుల మధ్య జరిగిందంతా మనకు చాలావరకు దొరకదు. ఇవాళ ఒక తొమ్మిదో తరగతి పిల్ల రాసే పేరాకు మాత్రం ఆ మధ్యలో జరిగింది మొత్తం నిలిచి ఉండేలా చేయొచ్చు. ఈ పరికరాల అసలు విలువ నా దృష్టిలో అక్కడే ఉంది. అందమైన అక్షరాలు, రంగురంగుల స్లైడ్లు, యానిమేషన్లు పక్కన పెట్టండి. కనబడని పనిని కనబడేలా చేయడం, చేసిన పనిని దాచి మళ్ళీ చూపించడం, ఈ రెండూ చాలు.

వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను చూసిన తరగతి గురించి చెప్తాను. గోడకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంది. తెలుగు టీచరు దానికి ల్యాప్‌టాప్ కలిపి గూగుల్ డాక్స్‌లో ఖాళీ పేజీ తెరిచారు. పైన ‘మా ఊరి చెరువు’ అని పెట్టి, కింద ‘నీరు సమస్త జీవరాశికి ప్రాణాధారం’ అని టైపు చేశారు. చదివి, పైకే అన్నారు: “ఈ వాక్యంలో తప్పేం లేదు. కానీ ఏ ఊరి చెరువుకైనా అతుకుతుంది. మన చెరువు ఇందులో కనబడుతుందా?” లేదన్నారు పిల్లలు. అక్షరం అక్షరంగా చెరిపేశారు. ‘మా ఊరి చెరువు చాలా పెద్దది’ అని రాశారు. “పెద్దదంటే ఎంత? చూడనివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది?” అని తననే అడుగుతున్నట్టు అన్నారు. అదీ తీసేశారు. ఆ తర్వాత ఆగిపోయారు. తెర మీద కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ఆమె మాట్లాడలేదు, పిల్లలూ మాట్లాడలేదు. టీచరుకు కూడా తర్వాతి వాక్యం వెంటనే తట్టదని వాళ్ళు అప్పుడు చూశారు.

వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి అన్నాడు: “మత్తడి దూకితే మా ఇంటి దాంక సప్పుడు ఇనబడ్తది మేడమ్.” ఆమె ముఖం వెలిగింది. ‘మత్తడి దూకిన రాత్రి ఆ సప్పుడు మా ఇంటి దాకా వినిపిస్తుంది’ అని రాశారు. చెరువు ఎంత పెద్దదో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. ఒకమ్మాయి లేచి, “మా తాత నీరటి పని చేసిండు మేడమ్. తూము ఎప్పుడు తియ్యాలె, ఎవరి పొలానికి ముందు పారాలె, అన్నీ ఆయనే చూసేటోడు” అంది. అది రెండో పేరా అయింది. రాస్తూ రాస్తూ ఆమె మళ్ళీ ఆగి, “తాత గురించి ముందే చెప్పి, మత్తడి సప్పుడు చివర పెడితే?” అని ఆ పేరాను పట్టి పైకి జరిపారు. అందరూ చదివారు. బాగాలేదన్నారు. మళ్ళీ కిందికి దించారు. ఇదంతా పావుగంటలో అయిపోయింది. “ఇక మీరు రాయండి” అని కూర్చున్నారు.

మర్నాడు ఆమె అదే ఫైలు తెరిచి వెర్షన్ హిస్టరీ చూపించారు. కొట్టేసిన వాక్యాలు అడ్డగీతలతో, చేర్చినవి రంగులో, ఏ నిమిషంలో ఏది మారిందో అంతా తెర మీద ఉంది. ‘ప్రాణాధారం’ ఎందుకు పోయిందో, ‘సప్పుడు’ ఎందుకు నిలిచిందో పిల్లలే చెప్పారు. ఆ రోజు పిల్లలు రాసినవి నేను చదివాను. ఒత్తులు తప్పాయి, కొన్ని వాక్యాలు కుంటుపడ్డాయి. కానీ ఏ రెండు పేరాలూ ఒకేలా లేవు.

ఈ పనికి ప్యానెల్ తప్పనిసరి కాదు. రేపు మీరు వెళ్ళే బడిలో అది ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఉన్నా ఆ పూట కరెంటు ఉండకపోవచ్చు. టీవీ ఉంటే ఫోన్ను నోటు పుస్తకం పైన ఒక స్టాండుకు బిగించి, కెమెరా టీవీకి కలపండి. మీరు పెన్నుతో రాసేదీ, కొట్టేసేదీ తరగతంతా చూస్తుంది. తెలుగు టైపింగ్ రానివాళ్ళకు ఇదే మేలు. ఏమీ లేకపోతే నల్లబల్ల మీద రాయండి, తుడిచే ముందు ప్రతి దశనూ ఫోనుతో ఫొటో తీసి దాచండి. ఆ ఫొటోలు వరసగా పెడితే అదే మీ వెర్షన్ హిస్టరీ. వికీపీడియా సంగతి కూడా గుర్తుంచుకోండి. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అందులో ప్రతి వ్యాసానికీ మార్పుల చరిత్ర ఉంటుంది. మీ ఊరి పేజీ తీసి, మొదటి రోజు అది ఎన్ని వాక్యాలతో ఉందో, ఎవరెవరు ఏం చేర్చారో, ఏ మాటను ఎవరు సరిదిద్దారో పిల్లలకు చూపండి. పైసా ఖర్చు లేదు.

టైపింగ్ నేర్చుకోవడం మాత్రం వాయిదా వేయకండి. ఇన్‌స్క్రిప్ట్ అయినా, లేఖిని లాంటి ఇంగ్లిషు మీటల పద్ధతి అయినా, ఒకటి పట్టుకుని చెయ్యి తిరిగేదాకా సాధన చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో కాకుండా యూనికోడ్‌లోనే రాయండి, లేకపోతే మీరు రాసింది పిల్లల ఫోనులో చదవడానికి వీలుగా కనబడదు. గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగులో పనిచేస్తుంది. రాయాలంటే భయపడే పిల్లను మాట్లాడనివ్వండి, తన మాట తెర మీద అక్షరాలై పడడం చూడనివ్వండి. అక్కడి నుంచి దిద్దుకోవడం మొదలవుతుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు రాతకు పనికిరాదని ఏ పిల్లకూ అనిపించకూడదు. గిడుగు రామమూర్తి గారు పోరాడింది వాడుక భాషకు రాతలో చోటు కోసమే.

ఒకటి రెండు జాగ్రత్తలు. ఇంటి దగ్గర రాసి బట్టీపట్టి వచ్చి, అప్పుడే తట్టినట్టు పిల్లల ముందు నటించకండి. వాళ్ళు పట్టేస్తారు, అది మంచి పాఠం కూడా కాదు. నలభై అయిదు నిమిషాలూ మీరే రాయకండి. పావుగంట మీది, మిగతాది వాళ్ళది. మధ్యలో వ్యాకరణం లాగకండి. 2007లో స్టీవ్ గ్రాహమ్, డోలొరెస్ పెరిన్ అనే పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి ఇచ్చిన నివేదికలో, ఆలోచించి రాసి దిద్దుకునే పద్ధతుల్ని విడమరిచి నేర్పితే పిల్లల రచన బాగా మెరుగుపడిందనీ, వ్యాకరణాన్ని విడిగా రుద్దితే మెరుగుపడలేదనీ తేలింది. ఒత్తులు దిద్దడానికి చివరి రోజు ఉంది.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, అడిగిన క్షణంలో వ్యాసం చేతికి వస్తోంది. గైడుకు కొత్త రూపం వచ్చిందని కొందరు ఉపాధ్యాయులు నిస్పృహ పడుతున్నారు. ఆ నిస్పృహ నాకు అర్థమవుతుంది, కానీ నేను దాన్ని ఒప్పుకోను. పూర్తయిన వ్యాసానికి మాత్రమే మార్కులు వేసినంత కాలం పిల్లలు దాన్ని ఎక్కడో ఒకచోట నుంచి తెస్తూనే ఉంటారు. చిత్తుప్రతులు అడగండి. ఏది కొట్టేశావు, ఎందుకు కొట్టేశావు అని అడిగి దానికి మార్కులు వేయండి. యంత్రం ఇచ్చిన చెరువు వ్యాసాన్ని తెర మీద పెట్టి, ఇందులో మన మత్తడి ఎక్కడుంది, నీరటి తాత ఎక్కడున్నాడు అని వెతకమనండి. పిల్లలు వెతుకుతారు, దొరకదు, అప్పుడు రాయాల్సింది తామేనని వాళ్ళకే తెలుస్తుంది.

వీటన్నిటికీ ముందు మీరు రాయాలి. వారానికి ఒక పేజీ అయినా, ఎవరూ అడగకపోయినా, మీ బడి గురించో మీ ఊరి గురించో రాయండి. రాయని ఉపాధ్యాయుడి చేతిలో ఎంత మంచి ప్యానెల్ ఉన్నా అందులో చూపించడానికి ఏమీ ఉండదు. నెలకోసారి తోటి ఉపాధ్యాయులు నలుగురు కూర్చుని రాసినవి చదువుకోండి. కాలిఫోర్నియాలో 1974లో బే ఏరియా రైటింగ్ ప్రాజెక్టు మొదలైంది ఇలాగే, నేర్పేవాళ్ళే కలిసి రాసుకోవడంతో. మన మండలాల్లో స్కూలు కాంప్లెక్సు సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. అందులో ఒక అరగంట దీనికి ఇవ్వమని అడగండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. మొదటి వారంలోనే ఒక పీరియడు తీసుకుని, ఖాళీ పేజీ తెరిచి, పిల్లలు చూస్తుండగా ఒక పేరా రాయండి. ఆగాల్సిన చోట ఆగండి, కొట్టేయాల్సింది కొట్టేయండి, వాళ్ళ సాయం అడగండి. ఆ ఫైలు చెరిపేయకుండా దాచి, ఏడాది చివర మళ్ళీ వాళ్ళకు చూపించండి.