మోటారు సైకిలు పెట్టెలకు లోసంచులు



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన పంతులు, మోటారు సైకిలు సామానును గూర్చి మాటాడ వచ్చినాడేమని మీకు వింతగా తోచవచ్చును. నా కుమారునికిని మొదట అట్లే తోచెను. కాని సంధిసూత్రములను గూర్చి చెప్పగలవారు నాకంటె మేలైనవారు మన దేశమున నెందరో కలరు. పెట్టెలోపలి సంచి లేక నేను పోగొట్టుకొనిన దానిని గూర్చి చెప్పవలసినవాడను నేనొక్కడనే. అందుచేత సాహసించితిని.

దూరప్రయాణములు చేయువారు నేడు మోటారు సైకిలు వెనుకచక్రమునకు ఇరువైపుల రెండు పెట్టెలు తగిలించుకొనుచున్నారు. కొన్ని అల్యూమినియపు రేకుతోను, కొన్ని గట్టి ప్లాస్టిక్కుతోను చేసినవి. మన తాతలనాడు పెరికెయెద్దుల వీపున ఇరువైపుల వ్రేలాడిన సంచులకు ఇవి మనుమలు. ఆ పెట్టెలో సరిగా నిముడునట్లు కుట్టిన సంచిని కుర్రవాండ్రు లైనర్ బ్యాగు అందురు. నేను దానిని లోసంచి యనుచున్నాను. రాత్రి బసకు చేరినప్పుడు పెట్టెను బండికే వదలి, సంచిని మాత్రము చేతబట్టుకొని లోనికి పోవచ్చును. ఇది దాని మొదటి ప్రయోజనము. రెండవ ప్రయోజనము నా కథవలన తెలియగలదు.

మా తండ్రిగారు చిన్నయసూరి బాలవ్యాకరణమునకు తమ శిష్యులకొరకై వ్రాసిన వివరణము ఏడు నోటుపుస్తకములు మా యింట నుండెను. అన్నియు నీలిసిరాతో వ్రాసినవి. నా తరువాత వానిని విప్పి చదువువారు మా యింట లేరు. అందుచేత వేటపాలెమునందలి సారస్వత నికేతనమువారికి చూపి, వారంగీకరించినచో అర్పింపవలెనని సంకల్పించితిని. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయముపేరు మీలో ననేకులు వినియేయుందురు. 2022 అక్టోబరు మొదటివారము, దసరా సెలవులు. మా రెండవవాడు "నాన్నగారూ, ఇన్ని బస్సులు మారుచు శ్రమపడనేల? నా బండిమీద పోదము" అనెను. అమలాపురమునుండి సముద్రతీరపు రహదారిని పోవుటకు నిశ్చయించితిమి.

ఎడమవైపు పెట్టెను నేనే సర్దితిని. పుస్తకములు బరువైనవి గనుక అడుగున నుంచితిని. వానిపైన బట్టలు, అన్నిటిపైన నా కండువా. పెట్టె నిండి పొంగినది. మూతను మోకాలితో నొక్కి గడియవేసితిని. అంతకుముందే మావాడు లోసంచులు కొందమని రెండుమారు లడిగియుండెను. "రేకుపెట్టెకు మరల సంచి యేల? తాళము వేసిన యింటికి కావలివానిని పెట్టినట్లున్నది" అని నేను నవ్వితిని. పెట్టె నమ్మినవాడుకూడ "మాస్టారూ, చుక్క నీరు దిగదు" అని చెప్పియుండెను.

నరసాపురము దాటినపిమ్మట వాన పట్టుకొనెను. మచిలీపట్నము, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల గడచువరకు విడువక కురిసెను. చీరాలలో బసచేరి దీపమువెలుతురున పెట్టెను చూచితిమి. నా కండువాకొంగు జానెడు మూతయంచున చిక్కుకొని వెలుపల వ్రేలాడుచుండెను. వత్తి నూనెను పీల్చినట్లు అది దారిపొడవున వాననీటిని పీల్చి లోనికి దింపినది. బట్ట యడ్డుపడి యెడమైనచోటనుండి మరికొంత నీరు దిగినది. దిగిన నీరు వెలికిపోవుటకు దారిలేదు, గట్టి పెట్టెగదా! రెండువ్రేళ్ల లోతున అడుగున నిలిచియున్నది. ఆ నీటిలో మా తండ్రిగారి పుస్తకములున్నవి.

ఏడింటిలో నాలుగు అంచులు తడిసి బ్రతికినవి. మూడింటిలో సిరా కాగితమంతట అలముకొనిపోయినది. సమాసపరిచ్ఛేదపు వివరణమంతయు ఆ మూడింటిలోనే యుండెను. మరునాడు వేటపాలెము పోయి, గ్రంథాలయ ద్వారమువరకు నడచి, వెనుదిరిగితిని.

దుకాణదారుడు నాతో అబద్ధమాడలేదు. ఆ పెట్టె కారలేదు. తప్పు మూసినవానిది. ఈ సంగతి నాకు మెల్లగా తెలిసెను. పెట్టె దెబ్బను కాచును; నీటిని కాచునది మూతయంచుననున్న రబ్బరుపట్టీ. ఆ పట్టీమీద బట్టకొస పడినను, ఇసుక చేరినను, పట్టీ ముదిరి బీటవారినను నీరు దిగును. దిగిన తరువాత ఆ పెట్టెయే కుండయగును. లోసంచి యున్నచో బట్టకొస పట్టీమీదికి రాదు. నీరు దిగినను వస్తువు నంటదు. ఎరువుల బస్తాలోపల పాలితీను పొర యుండుట మీరెరిగినదే. పైబస్తా మోతకు, లోపొర చెమ్మకు. ఒకటి చేయుపని రెండవది చేయలేదు.

ఇక సంచిని ఎన్నుకొను విధము. కొలత, మూతి, కుట్టు, పట్టు అను నాలుగింటిని చూడవలయును.

మొదటిది కొలత. పెట్టెను లోపల కొలువవలయును, వెలుపల కాదు. మా పెట్టె లోపలిపొడవు 43, వెడల్పు 22, ఎత్తు 35 సెంటీమీటర్లు. మూడింటిని హెచ్చవేసినచో 33,110 ఘనసెంటీమీటర్లు, అనగా ఇంచుమించు 33 లీటర్లు. సంచి ప్రతికొలతలోను ఒక సెంటీమీటరు తగ్గియున్నచో 30 లీటర్లు పట్టును. ఆ మూడు లీటర్లు పోయినవని చింతింపకుడు. సంచి సులువుగా దిగుటకును, మూత చక్కగా పడుటకును ఆ యెడము కావలయును. పెట్టెకు సరిసమానమైన సంచి, నిండినపిదప పైకి రాదు. మరియొక సంగతి. పొగగొట్టమునకు చోటిచ్చుటకై అనేక బండ్లలో ఒకవైపు పెట్టె సన్నగా నుండును, లేదా దాని లోపలిమూల నొక్కియుండును. కాబట్టి రెండు పెట్టెలను వేరువేరుగా కొలువుడు. రెండు సంచులు రెండు రంగులవైనచో చీకటిలో తడుముకొన నక్కరలేదు.

రెండవది మూతి. కొన్ని సంచులకు జిప్పు, కొన్నిటికి చుట్టుమూతి. జిప్పు తెరచుటకు సులువు. కాని సామాన్యపు జిప్పు పండ్లసందులనుండి నీరు దిగును. చుట్టుమూతి మన జాడీకి వాసెన గట్టుటవంటిది. మూతి రెండంచులను చేర్చి, మూడుమారులకు తక్కువ కాకుండ చుట్టి, కొసలను కట్టువేయవలయును. ఇందుకు సంచిపైన జానెడు గుడ్డ ఖాళీగా నుండవలెను. కక్కురితిచే ఆ జానెడును నింపితిరా, చుట్టుమూతి వట్టిమూతియే. బట్టలకును తినుబండారములకును జిప్పుసంచి చాలును. కాగితములకు, మందులకు, కెమెరాలకు చుట్టుమూతియే తగినది.

మూడవది కుట్టు. అంగడివాడు గుడ్డను చూపును. మీరు సంచిని తిరుగవేసి కుట్టును చూడుడు. సూది పోయిన ప్రతిచోట రంధ్రమున్నది. ఆ కుట్టుమీద లోపలివైపున పట్టీ అంటించియుండవలెను, లేదా కుట్టేలేక అంచులు వేడిచే అతుకబడియుండవలెను. గుడ్డను గూర్చి డెనియరు అను లెక్కను చెప్పుదురు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో ఆ పోగు అన్ని డెనియర్లు. ఇది పోగుబరువును తెలుపునుగాని నీరు దిగునో దిగదో తెలుపదు. వేయి డెనియర్ల గుడ్డ గట్టిదే. కాని పెట్టెలోపల ముండ్లురాళ్లు తగులవుగదా! అక్కడ రెండు మూడు వందల డెనియర్ల పలుచని గుడ్డ, దానిపై నీరంటని పూత చాలును. మందపుగుడ్డ చోటును తినును. కొన్ని సంచులపై ఐ.పి.ఎక్స్. అని గురుతు వేసి దానిప్రక్క ఒక అంకె వ్రాయుదురు. 4 అనిన నలువైపుల చిందునీటికి ఓర్చుననియు, 7 అనిన ఒక మీటరు లోతునీటిలో అరగంట మునిగియుండినను ఓర్చుననియు అర్థము.

గురుతును నమ్ముటకంటె పరీక్ష మేలు. సంచిలో పాత వార్తాపత్రికను కూరి, మూతి చుట్టి, నూతిగట్టున నుంచి పది చేదలు నీరు పోయుడు. పత్రిక పొడిగా వచ్చినచో సంచి మంచిది.

నాలుగవది పట్టు. చేతికాడలు సంచియడుగు చుట్టివచ్చునట్లు కుట్టియుండవలెను. పైయంచుకు మాత్రము తగిలించిన కాడ బరువున కూడివచ్చును. పైకి తెరచుకొను పెట్టెకు కాడలు పైనను, తలుపువలె ప్రక్కకు తెరచుకొను పెట్టెకు కాడ ఆ ప్రక్కనను ఉండవలయును. భుజమునకు వేసికొను పట్టె విప్పదగినదై యుండవలెను. మూతయంచున చిక్కుకొనుటకు నా కండువాయైననేమి, సంచిపట్టెయైననేమి? సంచిలోపలిరంగు తెలుపో పసుపో అయినచో చిన్నవస్తువు కంటబడును. నల్లని సంచిలో తాళపుచెవి వెదకుట అమావాస్యనాడు సూది వెదకుటయే.

ఎంత మంచి సంచియైనను సర్దుట తెలియవలయును. కావడిమోత మనకు తెలిసినదే. ఒకప్రక్క బరువైన కాళ్లు తడబడును. బండియు నంతే. అనేక పెట్టెలకు చేసినవారు ఒక్కొక్కదానికి పది కిలోలే పరిమితి విధించుచున్నారు. మీ పెట్టెమీద నేమి వ్రాసియున్నదో చదువుడు. బరువైనది అడుగునను చక్రమువైపునను, తేలికది పైనను ఉండవలెను. మందులను పొగగొట్టమువైపు పెట్టెలో నుంచకుడు. తడిబట్టను పొడిబట్టతో చేర్చకుడు. నీరు లోనికి రానీయని సంచి, లోనున్న చెమ్మను వెలికి పోనీయదు. రంగువేయని అల్యూమినియపు రేకు రాపిడికి బూడిదరంగు మసిని విడుచును. తెల్లని పంచెలు కట్టు మనవంటివారికి లోసంచి యిందులకును అవసరమే.

ఇంత వెల పెట్టలేనివారుండవచ్చును. వారు గ్రామమునందలి దర్జీచేత పెట్టెకొలతకు ఒక గట్టి గుడ్డసంచి కుట్టించుకొని, దానిలో మందమైన పాలితీను సంచి నుంచి, మూతిని మెలిపెట్టి మడచి కట్టుకొనవచ్చును. గుడ్డ మోయును, పాలితీను కాచును. నేను చేసినది ఇదియే.

తడిసిన మూడు పుస్తకములలోని విషయమును కంఠస్థమైనంతవరకు తిరిగి వ్రాసితిని. చిన్నప్పుడు మా తండ్రిగారు నాచేత వల్లెవేయించినది గనుక సూత్రార్థము చాలవరకు దొరికినది. కాని అంచులయందు వారు చిన్నయక్షరములతో చేర్చిన ఉదాహరణములు, మా యూరి రైతుల నోటినుండి యేరి వ్రాసికొనిన సమాసములు, మరల దొరకలేదు. అవి యే గ్రంథమునందును లేవు.

2023 ఆగష్టులో ఆ దారినే మరల పోయితిమి. రేపల్లెవద్ద మరల వాన కురిసెను. మావాడు బండి నాపి "చూడవలెనా, నాన్నగారూ?" అని యడిగెను. "వలదు, పోనిమ్ము" అంటిని. వేటపాలెమున సంచి విప్పితిని. నాలుగు పాతవి, మూడు క్రొత్తవి, ఏడు పుస్తకములును పొడిగా నున్నవి. ఈసారి ద్వారమువద్ద ఆగలేదు.

మీ పిల్లలు బండ్లపై దూరము పోవుచున్నారు. మీ భూమికాగితములు, మీ మందులు, మనుమరాలి పట్టుచీర వారి పెట్టెలలో పోవుచుండును. పెట్టె కొన్నారా యని యడుగువారు, లోసంచి యున్నదా యనికూడ అడుగుడు. మూత వేయునపుడు అంచుచుట్టు ఒక్కమారు వ్రేలు త్రిప్పి చూడుమని చెప్పుడు. దానికి పట్టునది అరనిమిషము. నేను ఆ యరనిమిషము మిగుల్చుకొనబోయి నష్టపడితిని.