తేనెటీగను ఆనవాలు పట్టుట

క్రిందటి వేసవిలో, కోనసీమలోని మా బంధువుల పెరటి గోరింటపొదలో అరచేతి పాటి తేనెపట్టు కనుపించినది. పిల్లలను కుట్టునన్న భయముచేత రాత్రివేళ కాగడాతో దానిని కాల్చివేసిరి. తెల్లవారి నేను చూచితిని. రాలిన యీగలు బియ్యపుగింజకన్న కొంచెమే పెద్దవి. కడుపు ముందుభాగము ఇటుకరంగు, వెనుక నలుపుపై తెల్లని పట్టెలు. అది చిన్న తేనెటీగ. దాని కోపము స్వల్పము. పెద్దదాని అపకీర్తికి చిన్నది బలియైనది!

మొదట రెక్కలు లెక్కింపుడు. తేనెటీగకు 4 రెక్కలు. దానివలె చారలుండి పూలయొద్ద గాలిలో నిలిచి యెగురు ఒక జాతి ఈగకు 2 మాత్రమే. కందిరీగ నడుము సన్నము, మేను నునుపు. తేనెటీగకు మేనంతయు నూగు; పని యీగ వెనుకకాళ్లపై పుప్పొడి మోయుటకు గంపవంటి పల్లముండును.

పెద్ద తేనెటీగ పొడవు 17 మొదలు 20 మిల్లీమీటర్లు. కడుపు ముందు తేనెరంగు, చివర నలుపు, రెక్కలు పొగచూరినట్లుండును. రావికొమ్మకో నీళ్లట్యాంకు క్రిందనో ఒకే ఒక పెద్దపట్టు వ్రేలాడును. దీని జోలికి పోరాదు. ఒకటి కుట్టినచో ఆ వాసనకు తక్కినవి వెంబడించును.

చెట్టుతొర్రలో, గోడసందులో వరుసగా పలుపట్లు పెట్టునది తొర్ర తేనెటీగ. 10, 11 మిల్లీమీటర్లు. మన దేశపు పెట్టెలలో పెరుగునది ఇదియే. 1962లో నగ్రోటాలో నెలకొల్పబడిన ఐరోపా జాతియు నేడు పెట్టెలలో కలదు. అది కొంచెము పెద్దది. రెంటిని వేరుపరుప భూతద్దము కావలెను: మన యీగ వెనుకరెక్కలో ఒక ఈనె ముందుకు సాగియుండును, ఐరోపా యీగకు అది లేదు.

గోడపగులునుండి జిగురుగొట్టము వెలికివచ్చి, నల్లని నలుసులు తిరుగుచున్నచో అవి కుట్టని తేనెటీగలు. ఇక మన కవుల తుమ్మెద, నీలికాంతి రెక్కలతో ఇంటి వెదురును తొలుచునది, పట్టే పెట్టదు.

కొబ్బరి రైతునకు ఈ యెరుక వట్టి వేడుక కాదు. దేశవాళీ పొడుగు రకములలో పూగుత్తియందలి పోతుపూలు ముందు విచ్చును, ఆడుపూలు తరువాత. కాన పుప్పొడి సాధారణముగ వేరొక చెట్టునుండి రావలెను. కొంత గాలి తెచ్చును, కొంత తేనెటీగ తెచ్చును.

ఈ యేడు అదే గోరింటలో మరల పట్టు పెట్టినవని కబురు వచ్చినది. కాగడా వెలిగింపక, ఒక యీగను గాజుగ్లాసు క్రింద మూసి కడుపురంగు చూడుమని చెప్పి పంపితిని. ఇటుకరంగేనట. పొద నట్లే విడిచిరి.