మెట్ల దిగువ బిడ్డలు



అలిపిరి అనగానే కొండెక్కే మెట్లు, యాత్రికుల రద్దీ జ్ఞాపకము వచ్చును. ఆ రద్దీని నమ్ముకొని కూలినాలితో బ్రతికే కుటుంబములును ఇక్కడ కలవు. వాటిలో త్రాగుడు చొరబడిన ఇంటి బిడ్డను గూర్చి మేము రెండు మాటలు మనవి చేయుచున్నాము.

నాయన కూలి త్రాగుడుకు పోయినప్పుడు మొదట తగ్గునది కంచములోని కూడు. తరువాత బాడుగ నిలిచిపోవును. ఇంటివారు ఖాళీ చేయమందురు. ఇల్లు మారినప్పుడెల్ల బడి మారును, ఒక్కొక్కసారి బడియే మానును. పెద్దబిడ్డ చెల్లెలిని చంకన వేసుకొని, తల్లి పనినుండి వచ్చువరకు కాపలా కాయును. నాయన అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లు గడుచునో ఆ బిడ్డకు తెలిసిపోవును.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. 1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకు చేర్చెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనినవారు, సారా అంగడిని మూయించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధము వచ్చెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో తొలగిపోయెను. చట్టము పోయి మరల రావచ్చును, బిడ్డ బాల్యము మరల రాదు.

మన పెద్దలు ఇట్టి బిడ్డలకు బోర్డింగు స్కూళ్లు కట్టిరి. అనేకులు అక్కడ చదివి వృద్ధిలోకి వచ్చిరి. అయినను పేదరికమొక్కటే కారణముగా బిడ్డను తల్లినుండి వేరుచేయుట మేలు కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము సైతము వసతి గృహమును చివరి మార్గముగానే చెప్పుచున్నది. కనుక ముందు ఇంటిని నిలబెట్టవలెను. సంఘము ఒక నెల బాడుగ భరించినచో ఒక బిడ్డ చదువు నిలుచును. టి.సి. లేదనిగాని, వయసు పత్రము లేదనిగాని 6 నుండి 14 ఏండ్ల బిడ్డను బడిలో చేర్చుకొనక పోరాదని 2009 విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఆ మాట తల్లికి తెలిపి, ఆమె వెంట బడికి పోవుటకు మనలో ఒకరుండవలెను. బిడ్డకు అపాయమున్నచో 1098కు ఫోను చేయవలెను. త్రాగువానిని వెలివేసినచో ఆ వెలి బిడ్డమీదనే పడును. అతనిని వైద్యము వద్దకు నడిపింతము.

మన ప్రభువు సత్రములో చోటులేక పశువుల తొట్టిలో పరుండెను, పసివాడై ఐగుప్తునకు తరలిపోయెను. నిలువ నీడలేని బిడ్డ బాధ ఆయన ఎరుగును. శతవార్షికమునకు గుడికి సున్నము వేయుచున్నాము. సాయంకాలము ఆ బిడ్డలు కూర్చుండి చదువుకొనుటకు గుడి వరండాలో ఒక దీపముకూడ వెలిగింతము. దేవుడు మన సంఘమును ఆ పనికి బలపరచును గాక. ఆమేన్.