హరిదాసు రాని ఊళ్ళో సంక్రాంతి

 

2024లో పండగనాడు కాలిఫోర్నియాలో మా ఇంట్లో ఒక చిన్న పేచీ వచ్చింది. ఆ రోజు జనవరి 14, ఆదివారం. పొద్దున్నే ఇండియాకి ఫోన్ చేస్తే అక్కడ భోగి అయిపోయి రాత్రయింది, తెల్లవారితే పెద్ద పండగ. మా మనవడు పట్టుకున్నాడు. "తాతయ్యా, వాళ్ళకి రేపు, మనకి ఇవాళా? ఎవరిది తప్పు?"

ఎవరిదీ తప్పు కాదు. సూర్యుడు ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి మారడమే సంక్రమణం. అది ఒక క్షణం. ఆ ఏడు మకర సంక్రమణం దృక్ గణితం ప్రకారం ఇండియాలో 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 54 నిమిషాలకి వచ్చింది. అదే క్షణంలో మా గడియారంలో 14వ తేదీ మధ్యాహ్నం 1 గంట 24 నిమిషాలు. క్షణం ఒక్కటే, గడియారాలే వేరు. అందుకే ఇక్కడ ఉన్నవాళ్ళం ఇక్కడి వేళలకి గణించిన పంచాంగమే చూసుకోవాలి.

వాడు అంతటితో వదిలితేనా! "సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21న అని మా టీచర్ చెప్పారే?" అన్నాడు. టీచర్ చెప్పింది నిజమే. పగలు పెరగడం ఆనాటి నుంచే మొదలవుతుంది. మన సంక్రాంతి లెక్క నక్షత్రాలను బట్టి వేసినది. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగుతుంది కనుక ఈ రెండు లెక్కలూ సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున దూరమవుతూ వచ్చాయి. దాదాపు 1,700 ఏళ్ళ కిందట రెండూ కలిసే ఉండేవి. వివేకానందుడు 1863 జనవరి 12న పుట్టాడు, ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడది 14నో 15నో వస్తోంది. పిల్లలు అడిగితే ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పండి. దీనివల్ల పండగకి వచ్చే లోటేమీ లేదు.

మరి తేదీయే జరిగిపోతుంటే, పండగలో నిలిచేదేమిటి? ఒకసారి మనం చేసే పనులు చూడండి. కొత్త బియ్యంతో పొంగలి వండి ముందు సూర్యుడికి పెడతాం. నువ్వులూ నీళ్ళూ వదిలి పోయిన పెద్దలను తలుచుకుంటాం. గుమ్మడికాయ దానమిస్తాం. కనుమనాడు పశువులకి కడుపునిండా పెడతాం. ధనుర్మాసమంతా తల మీద అక్షయపాత్రతో హరిదాసు వస్తాడు. చిన్నపిల్ల దోసెడు బియ్యం తెస్తే, ఆయన కిందికి వంగి పోయించుకుంటాడు. పంట ఇంటికి రాగానే, తినేముందు ఎవరెవరికి బాకీ ఉన్నామో గుర్తుచేసుకుని తీర్చడమే ఈ పండగ.

అమెరికాలో మనం చాలా సర్దుకున్నాం. వాకిట్లో మంచు ఉంటే గరాజులో ముగ్గు వేస్తున్నాం. రేగుపళ్ళు దొరక్కపోతే క్రాన్‌బెర్రీలతో భోగిపళ్ళు పోస్తున్నాం. శనివారం హాల్లో ముగ్గుల పోటీ, అరిసెలు, ఫొటోలు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మన గుమ్మం ముందుకి ఎవరూ రారు. పిల్లల చేతికి పుచ్చుకోవడమే తప్ప పెట్టడం అలవాటు కావడం లేదు. నాకున్న దిగులు అదొక్కటే.

దీనికో దారి ఉంది. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు. 1994లో కాంగ్రెస్ దాన్ని సేవాదినంగా కూడా చేసింది. ఆ రోజు ఎప్పుడూ 15, 21 తేదీల మధ్యనే వస్తుంది, అంటే మన పండగ పక్కనే! 2024లో అయితే సరిగ్గా మా కనుమనాడే పడింది. పిల్లలకి బడి ఉండదు. ముందుగా ఫోన్ చేసి కనుక్కుని, సీలు తీయని బియ్యం సంచి ఒకటి మీ ఊరి ఫుడ్ బ్యాంకుకి తీసుకువెళ్ళండి. మీరు కాదు, పిల్లలే చేతులతో అందించాలి.

హరిదాసు మన దగ్గరికి రాలేడు. మనమే నాలుగడుగులు వేద్దాం. సెలవు!